కొట్టేసిన పదకొండు పేర్లు

న్యూఢిల్లీ,
12 ఆగస్టు 1988.

అక్కయ్యకు సుందరం నమస్కారాలు.

బర్నబాస్ గారి చేతికిచ్చి నువ్వు పంపిన గోంగూర పచ్చడి చేరింది. రైల్లో జాడీ మూత ఊడి ఆయన చొక్కాలు రెండు నూనె పీల్చుకున్నాయట. బాపట్ల మనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. నీకు చెప్పానుగా, మా రాజ్యసభలో ఎవరైనా తెలుగులో మాట్లాడితే, అద్దాల గదిలో కూర్చుని అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పే ఉద్యోగం ఆయనది.

మొన్న బుధవారం నా ప్రసంగం అయింది. తీరప్రాంతాల్లో తుపాను రక్షణ భవనాల మీద పన్నెండు నిమిషాలు తెలుగులో మాట్లాడాను. ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని పునాదుల దగ్గర ఆగాయి, ఎన్నిటికి తలుపులు లేవు, అన్నీ ఏకరువు పెట్టాను. మంత్రిగారు జవాబులో నా పేరు రెండుసార్లు తలిచారు. సభలో అడుగుపెట్టి రెండేళ్ళకు "అంకెల సుందరరామయ్య" అనే పేరు ఇప్పుడిప్పుడే వస్తోంది. తెనాలి కోర్టులో ఇరవై ఏళ్ళు అరిచినా రాని పేరు ఇది.

ఒక తమాషా జరిగింది, అదీ చెబుతాను. ఇక్కడ రిపోర్టర్లు ఐదేసి నిమిషాల వంతున కూర్చుని మన మాటలు రాసుకుంటారు. ఎవరి భాగం వాళ్ళు టైపు చేసి మర్నాడు మన ఇంటికి పంపుతారు. తప్పులుంటే దిద్ది ఒక రోజులో తిరిగివ్వాలి. ఆ తరవాత అదే అచ్చులోకి పోతుంది. నిన్న వచ్చిన కాగితాల్లో "ఈ పల్లెల తరఫున మనవి చేస్తున్నాను" అన్న వాక్యం తరవాత, నేను అనని పేర్లు ఉన్నాయి. మొత్తం పద్దెనిమిది. బళ్ళో హాజరు పిలిచినట్టు ఒకదాని కింద ఒకటి. ఈ ఉత్తరం వెనక అదే వరసలో రాశాను, చూడు. పేర్లు మన నిజాంపట్నం వైపువిలా ఉన్నాయి. నీకు చేపలు తెచ్చే రత్తాలుది ఆ వైపేగా, ఒకసారి అడుగు.

ఎవరో గుమాస్తా పొరపాటు అయి ఉంటుంది. ఎర్ర పెన్సిలుతో కొట్టేసి పంపించేశాను. అంకెలు చెప్పే మనిషి పేర్లు చదివితే నవ్విపోతారు.

మోకాళ్ళ నొప్పికి తైలం వాడుతున్నావా?

నీ తమ్ముడు,
సుందరం.


రేపల్లె,
20 ఆగస్టు 1988.

చిరంజీవి సుందరానికి అక్కయ్య ఆశీర్వదించి రాయునది.

ఆ చొక్కాల మీద సున్నిపిండి చల్లి ఎండలో వేయమని బర్నబాస్ గారికి చెప్పు. తైలం వాడుతున్నాను, మోకాళ్ళు వాటి దారిన అవి నొప్పి పెడుతున్నాయి. మీ బావగారు పోయాక నా మాట వినే అలవాటు ఈ ఇంట్లో దేనికీ లేదు.

నీ మరుపు నాకు కొత్తా? చిన్నప్పుడు బళ్ళో పద్యం సగంలో ఆపేసి వచ్చి, మొత్తం చెప్పానని నాన్నగారితో వాదించినవాడివి. ఇప్పుడు మొత్తం చెప్పి, చెప్పలేదంటున్నావు. కాబట్టి మొదట నవ్వుకున్నాను.

రత్తాలు రాగానే నీ ఉత్తరం తిరగేసి పేర్లు చదివాను. మూడో పేరు దగ్గర ఆవిడ బుట్ట కింద పెట్టేసింది. ఐదో పేరు కోటయ్య, ఆవిడ మొగుడు. తొమ్మిదో పేరు శ్రీమన్నారాయణ, ఆవిడ కొడుకు. పద్దెనిమిదీ అయ్యేదాకా నిలబడే ఉంది.

"ఈ వరస మీకెవరు సెప్పారమ్మగోరూ? ఇది మా కోటమ్మ వరస" అంది.

గుల్లలదిబ్బ అని, నిజాంపట్నానికి మూడు మైళ్ళలో ఉప్పుకయ్యలు దాటాక వాళ్ళ పల్లె. వేటకెళ్ళిన నావలు తిరిగి రాకముందే గాలి మారితే, కోటమ్మ అనే ముసలావిడ ఇసుకదిబ్బ ఎక్కి మగాళ్ళ పేర్లు వరసగా పిలిచేదట. ఎంత దూరంలో ఉన్నా వాళ్ళకు వినబడుతుందట, ఆ పిలుపు వైపు నావ తిప్పుకుని వచ్చేస్తారట. సొంతవాళ్ళు పిలవకూడదు. పిలిస్తే మనిషికంటే ముందు సముద్రం వింటుందని వాళ్ళ భయం. కోటమ్మకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ పని ఆవిడకు వచ్చింది.

ఆ కోటమ్మ మొన్న పదో తేదీ బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు దిబ్బ మీద కుప్పకూలి ప్రాణం విడిచింది. గాలి మారిందని పిలవడానికి ఎక్కింది, ఒక్క పేరూ నోట రాకముందే పడిపోయింది. అయినా ఆ రోజు పద్దెనిమిదిమందీ వచ్చారు. మా పేర్లు వినబడ్డాయి కనకే వచ్చామన్నారు. ఎవరి గొంతు అంటే మాత్రం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారట.

ఇప్పుడు నాకు నిజం చెప్పు. ఈ పేర్లు నువ్వు ఎవరిచేత తెప్పించుకున్నావు? నలుగురి మెప్పు కోసం పేదవాళ్ళ పేర్లు వాడుకుని, తరవాత సిగ్గేసి కొట్టేశావా? అట్లా అయితే తప్పు. అట్లా కాకపోతే, ఆ రోజు నువ్వు ఎన్ని గంటలకు లేచి మాట్లాడావో రాయి.

ఆశీస్సులతో,
అక్కయ్య.


న్యూఢిల్లీ,
29 ఆగస్టు 1988.

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. యాభై రెండేళ్ళ మనిషిని పట్టుకుని పద్యం దొంగ అన్నట్టు రాశావు. ఆ పల్లె పేరే నాకు సరిగ్గా గుర్తు లేదు. పేర్లు తెప్పించుకోవలసిన ఖర్మ నాకేంటి?

నేను లేచింది నాలుగు గంటలకే. అది కాకతాళీయం. దేశంలో నాలుగు గంటలకు పోయినవాళ్ళు వేలమంది ఉంటారు.

బర్నబాస్ గారినీ అడిగాను. ఆయన మొదట మాట దాటేశాడు. నేను వదలకపోతే అప్పుడు చెప్పాడు: "అన్నారు సార్. పద్దెనిమిదీ అన్నారు. నేను ఒక్కొక్కటే పలికాను కదండీ. మీరు కాగితం కూడా చూడలేదు. తల కొంచెం పక్కకు తిప్పి, దూరంగా ఉన్న మనిషిని కేకేసినట్టు, సాగదీసి అన్నారండి. మా అమ్మమ్మ ఊళ్ళో ఆడవాళ్ళు అట్లా పిలవడం నేను విన్నాను." ఆయనకు చెవుల్లో హోరు ఏమన్నా ఉందేమో చూపించుకోమన్నాను.

నా అనుమానం ఒకటి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. ఆ పల్లెకు భవనం కావాలి. ఎవరో తెలివైనవాళ్ళు రత్తాలు చేత నీకు ఈ కథ చెప్పించారు, నీ చేత నాకు చెప్పిస్తున్నారు. భవనం అడగడానికి ఇంత దూరం అక్కర్లేదు. ఒక అర్జీ రాసి వేలిముద్రలు వేసి పంపమను.

సుందరం.


రేపల్లె,
10 నవంబరు 1988.

చిరంజీవి సుందరానికి,

రెండు నెలలు అలిగి ఊరుకున్నాను, నువ్వూ అలిగావు, ఇద్దరం నాన్నగారి పిల్లలమే. ఇక చాలు. దుగ్గిరాల నుంచి పచ్చి పసుపుకొమ్ములు వచ్చాయి, ఊరగాయ పెట్టాను. బర్నబాస్ గారు ఈసారి ఇత్తడి డబ్బా తెచ్చుకుంటే పంపుతాను.

చలిగాలి తిరిగింది. గుల్లలదిబ్బలో కోటమ్మ చోటికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. నేను వచ్చి పిలవనా అని రత్తాలును అడిగాను, నాకూ ఆ నావల్లో సొంతవాళ్ళు లేరు కదా. ఆవిడ ఒప్పుకోలేదు. "ఎవురు పడితే వోళ్ళు పిలిస్తే వినబడదమ్మా. పిలుపు ఎవురి నోట పడితే వోళ్ళే పిలవాల. అది అయ్యగోరి నోట పడింది" అంది.

నీ నోటనే ఎందుకు పడిందని అడిగాను. అప్పుడు చెప్పింది. నువ్వు రాజ్యసభకు ఎన్నికైన ఏడు ఆ పల్లెలో నీకు సన్మానం చేశారట. కోటమ్మ నీ మెడలో దండ వేసి, నాకు ఓపిక అయిపోతోంది బాబూ అందట. నువ్వు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఇక నుంచి నీ గొంతు నేనవుతానమ్మా" అన్నావట. జనం చప్పట్లు కొట్టారట. నువ్వు కారెక్కి వెళ్ళిపోయావు, ఆవిడ మాత్రం ఆ మాట మూటగట్టుకుంది. ఇక నాకు దిగులు లేదని అందరికీ చెప్పుకుందట.

ఇది కూడా ఎవరో కట్టిన కథే అంటావా? ఆ చేతులు పట్టుకునే అలవాటు నీదని నాకు తెలుసు.

వాళ్ళు అడిగేది ఒక్కటే. కొట్టేసిన పేర్లు మళ్ళీ పెట్టించు. కుదరకపోతే సభలో ఇంకొకసారి లేచి ఆ పద్దెనిమిది పేర్లూ చదువు. ఒక్క నిమిషం పని. నాకు నమ్మకం ఉందా లేదా అని అడగకు. రత్తాలు ముఖం చూస్తే నాకు భయం వేస్తోంది.

ఒకటి చెప్పనా? నీ ప్రసంగాలన్నీ నువ్వు పంపినప్పుడల్లా చదువుతూనే ఉన్నాను. వాటిలో ఒక్క మనిషీ లేడురా.

అక్కయ్య.


న్యూఢిల్లీ,
18 నవంబరు 1988.

అక్కయ్యకు,

సన్మానం గుర్తొచ్చింది. ఆ మాట అనే ఉంటాను. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒకటి అంటాం, అక్కయ్యా. ప్రతి మాటా ఇట్లా వెంటపడితే రాజకీయాల్లో ఎవరూ బతకలేరు.

నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆగస్టు ప్రసంగం అచ్చు ప్రతి తీయించి చూశాను. చిత్రంగా, అందులో ఏడు పేర్లు మిగిలే ఉన్నాయి. నేను మాట్లాడుతుండగా ఏడో పేరు దగ్గర రిపోర్టరు వంతు మారింది. మొదటివాడి కాగితం అడుగున ఏడు, రెండోవాడి కాగితం పైన పదకొండు వచ్చాయి. నా పరాకులో రెండో కాగితమే కొట్టినట్టున్నాను. మొదటిది అట్లాగే అచ్చయిపోయింది. అదృష్టం, ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.

ఇరవై రెండున మత్స్యకారుల సమస్యల మీద చర్చ ఉంది. నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఆ పది నిమిషాల కోసం నెల రోజులుగా లెక్కలు పోగుచేస్తున్నాను. అందులో పేర్లు చదవలేను. చదివితే, ఇన్నాళ్ళు కష్టపడి తెచ్చుకున్న గౌరవం ఒక్క పూటలో పోతుంది. వాళ్ళకు మేలు చేసేది నా గౌరవమే కానీ పేర్లు కావు. ఇది నువ్వే వాళ్ళకు నచ్చజెప్పాలి.

పసుపుకొమ్ముల ఊరగాయ తప్పకుండా పంపు.

సుందరం.


రేపల్లె,
4 డిసెంబరు 1988.

సుందరానికి,

నవంబరు ఇరవై తొమ్మిదిన వాయుగుండం వచ్చింది. గుల్లలదిబ్బ నుంచి నాలుగు నావలు వేటలో ఉన్నాయి. పద్దెనిమిదిమంది.

ఏడుగురు వచ్చారు. నాలుగు నావలూ మునిగిపోతే, విడివిడిగా, చెక్కలు పట్టుకుని ఈది ఒడ్డుకు కొట్టుకొచ్చారు. ఏడుగురూ ఒకటే మాట అన్నారు. ఎవరో పేరు పెట్టి పిలిచారు, ఆ వైపు ఈదామని. కోటయ్య వచ్చాడు. శ్రీమన్నారాయణ తండ్రి పక్కనే, అదే నావలో ఉన్నాడు. "నాకు పిలుపు వినబడింది, వాడికి వినబడలేదు. ఎటెళ్ళాలి నాన్నా అని అడుగుతానే ఉన్నాడు" అని కోటయ్య చెప్పాడు. నేను అక్కడే కూర్చుని విన్నాను.

నీ మొదటి ఉత్తరం వెనక రాసిన వరస పక్కన పెట్టుకుని సరిచూశాను. వచ్చినవాళ్ళు మొదటి ఏడుగురు. రానివాళ్ళు నువ్వు కొట్టేసిన పదకొండుమంది. ఒక్క పేరైనా అటూ ఇటూ అయితే బాగుండునని మళ్ళీ మళ్ళీ చూశాను. కాలేదు.

రత్తాలుకు ఈ సంగతి నేను చెప్పలేదు. ఆవిడకు ఎట్లా తెలిసిందో తెలియదు. "అయ్యగోరిని ఏమీ అనొద్దమ్మా, ఆయనకి తెలవదు" అంది. నేను ఏమీ అనడం లేదు.

రాజరాజేశ్వరమ్మగారి తమ్ముడు ఢిల్లీలో ఉన్నాడని ఈ ఊళ్ళో అందరూ అంటారు. ఇన్నాళ్ళు గర్వంగా ఉండేది.

అక్కయ్య.


న్యూఢిల్లీ,
15 డిసెంబరు 1988.

అక్కయ్యా,

పదకొండు పేర్లు తిరిగి పెట్టమని రాతపూర్వకంగా అడిగాను. ఒకసారి అచ్చయ్యాక కలపడానికి వీల్లేదన్నారు. "మీరే అనలేదన్నారు కదా" అన్నాడు ఆఫీసరు. నా అక్షరాలే నాకు చూపించాడు.

ఇదంతా గాలి, నీరు, అదృష్టం అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ అన్నం సహించడం లేదు. ఎర్ర పెన్సిలు చూస్తే చాలు, ఆ రోజు ఒక్కొక్క పేరు మీద గీత ఎంత తేలిగ్గా గీశానో గుర్తొస్తోంది. స్కేలు పెట్టి గీశానక్కయ్యా, నీటుగా ఉండాలని.

ఒక్క ముక్క రాయి. తిడుతూ అయినా రాయి.

సుందరం.


న్యూఢిల్లీ,
10 మే 1990.

అక్కయ్యా,

ఏడాదిన్నరలో నేను రాసిన ఏ ఉత్తరానికీ నువ్వు జవాబు ఇవ్వలేదు. దీనికైనా ఇవ్వాలి. ఇస్తే చాలు, ఇంకేమీ అడగను.

మన తీరం మీదికి పెద్ద తుపాను వస్తోందని నిన్న పొద్దుటే తెలిసింది. ప్రత్యేకంగా అనుమతి అడిగి తీసుకున్నాను. సాయంత్రం నాలుగు గంటలకు లేచాను. చేతిలో అంకెల కాగితం లేదు, నీకు పంపిన వరస నకలు ఒక్కటే ఉంది. "గుల్లలదిబ్బకు భవనం మంజూరై పునాది దగ్గర ఆగింది. అక్కడి మనుషుల పేర్లు చెబుతాను. వీళ్ళలో పదకొండుమంది ఇప్పుడు లేరు, అందులో నా తప్పు ఉంది" అని చెప్పి పద్దెనిమిది పేర్లూ చదివాను. మొదట ఒకరిద్దరు నవ్వారు. నేను ఆగలేదు. ఆఖరి పేరు చదివి కూర్చున్నాను.

ఇవాళ పొద్దున టైపు కాగితాలు వచ్చాయి. అందులో పంతొమ్మిది పేర్లున్నాయి.

పంతొమ్మిదోది రాజరాజేశ్వరి.

నేను ఆ పేరు అనలేదు. సభలోనే కాదు, పుట్టిన దగ్గర నుంచి ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు నాకు అక్కయ్యవే. వెంటనే బర్నబాస్ గారి దగ్గరికి పరుగెత్తాను. "పద్దెనిమిది దాకా మీ గొంతే సార్. చివరిది మీ నోట్లోంచే వచ్చింది, కానీ గొంతు మీది కాదండి. ఎవరో పెద్దావిడది" అన్నాడు.

రేపల్లెకు ఫోను కలవడం లేదు. తెనాలికి కూడా లేదు. టెలిగ్రాం తీసుకోనన్నారు. రైళ్ళు ఎక్కడివక్కడ ఆగాయట. నువ్వు ఎక్కడున్నావు? ఇంట్లోనే ఉన్నావా? ఆ దిబ్బ వైపు వెళ్ళలేదు కదా?

కాగితం నాలుగు గంటల్లోపు తిరిగివ్వాలి. దాన్ని ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఈ వరసలో ఉన్నవాళ్ళు పదకొండుమంది పోయారు, ఏడుగురు ఉన్నారు. నువ్వు ఎటువైపు? నీ పేరు ఆ పదకొండుమంది పక్కన చూడలేక పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి గుర్తొచ్చింది. నేను కొట్టేసినవాళ్ళు రాలేదు.

"దిద్దుబాట్లు ఏమీ లేవు" అని రాసి, సంతకం పెట్టి పంపేశాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

అక్కయ్యా, పలుకు.

సుందరం.


రేపల్లె,
17 మే 1990.

చిరంజీవి సుందరానికి అక్కయ్య ఆశీస్సులు.

పలుకుతున్నాను. బతికే ఉన్నాను. ఇంటి పైకప్పు సగం లేదు, వంటగదిలో నిలబడితే ఆకాశం కనబడుతోంది, ఊరగాయ జాడీలు మాత్రం ఒక్కటీ పగల్లేదు. నీ ఉత్తరం నిన్న వచ్చింది. దాన్ని రత్తాలుకు చదివి వినిపించాకే నీకు ఇది రాస్తున్నాను.

తొమ్మిదో తేదీ పొద్దున నేను గుల్లలదిబ్బ వెళ్ళాను. నువ్వు వెళ్ళొద్దంటావని తెలుసు, కాబట్టి అడగలేదు. ఆడవాళ్ళనూ పిల్లలనూ ట్రాక్టర్లలో ఎక్కించి రేపల్లెలో మన పాత బడికి చేర్చాం. మగాళ్ళు ఆ రోజు వేటకు వెళ్ళలేదు, వాళ్ళూ బడికే వచ్చారు. ఆఖరి ట్రాక్టరు కదిలేముందు రత్తాలు, పోయిన కొడుకు చొక్కా ఇంట్లో మరిచిపోయానని వెనక్కి పరుగెత్తింది. నేను ఆవిడ వెంట వెళ్ళాను. బండివాడు మమ్మల్ని చూడలేదు.

చొక్కా తీసుకుని ఇద్దరం ఉప్పుకయ్యల గట్టు మీద నడిచాం. గాలికి ఇసుక, ఉప్పునీళ్ళు కలిసి ముఖాన కొడుతున్నాయి. పగలు నాలుగు గంటలే, అయినా చెయ్యి చాచితే చెయ్యి కనబడలేదు. కాసేపటికి కాళ్ళ కింద గట్టు లేదు. నడుముల్లోతు నీళ్ళు. ఎటు ఊరో, ఎటు సముద్రమో తెలియలేదు. సుందరం, నాకు చాలా భయం వేసింది. నీతో మాట్లాడకుండా పోతున్నానని ఏడ్చాను.

అప్పుడు వినబడింది. దూరం నుంచి, సాగదీసి, వరసగా పేర్లు. మొదట ఏడు. ఆ ఏడుగురూ బళ్ళో ఉన్నారు కదా, ఎవరూ పలకలేదు. ఎనిమిదో పేరు పిలవగానే మా వెనక నుంచి, నీళ్ళ మీద నుంచి, "వచ్చా" అని ఒక మగగొంతు పలికింది. తొమ్మిదో పేరుకు రత్తాలు నా చెయ్యి వదిలేసి వెనక్కి తిరిగింది. ఆ గొంతు నేనూ గుర్తుపట్టాను, నా గుమ్మంలో చేపలబుట్ట దించిన పిల్లవాడి గొంతు. "వచ్చానమ్మా" అన్నాడు. పద్దెనిమిదో పేరు దాకా పదకొండుమందీ పలికారు. ఒక్కొక్కరూ మా పక్క నుంచే దాటి ముందుకు వెళ్ళినట్టు నీళ్ళు కదిలాయి. మనుషులు ఎవరూ కనబడలేదు.

ఆ తరవాత ఒక ముసలావిడ గొంతు నా పేరు పిలిచింది. మీ బావగారు కూడా నన్ను ఏమే అనేవారు. అమ్మ పోయాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు లేరు. నేను పలికాను. రత్తాలును ఈడ్చుకుంటూ ఆ కదిలిన నీళ్ళ వెంటే నడిచాను. కాళ్ళకు గట్టి రాయి తగిలింది. నువ్వు సభలో చెప్పిన భవనం పునాది అది. దాని మీద ఎక్కి, అందులోంచి పైకి లేచిన ఇనుప చువ్వలు పట్టుకుని, తెల్లారేదాకా ఉన్నాం.

పొద్దున ఆ పునాది రాళ్ళ మీద, మేం కూర్చున్న చోటు చుట్టూ, తడి పాదాల గుర్తులు ఉన్నాయి. రత్తాలు లెక్కపెట్టనివ్వలేదు. కొడుకు చొక్కా అక్కడ మడతపెట్టి ఉంచి, "ఇంటికొచ్చాడమ్మా, ఇంక సాలు" అంది. ఇంతవరకూ ఆ పిల్లవాడికి కర్మ చేయనివ్వని మనిషి, ఆదివారం చేయించింది.

నీ మీద నా కోపం పోయిందా అంటే, పదకొండుమందిని తలుచుకున్నప్పుడు పోలేదు. మిగతా వేళల్లో పోయింది. నువ్వు ఆ పెన్సిలు పక్కన పెట్టావు కదా, అది చాలు. ఇకమీదట నీకు ఉత్తరాలు రాస్తాను.

రైళ్ళు నడవగానే ఒకసారి రా. వాళ్ళు నిన్ను చూడాలంటున్నారు. ఈసారి దండలు ఉండవు. ఈ కాగితం వెనక ఇరవై నాలుగు పేర్లు ఉన్నాయి. మిగిలిన ఏడుగురూ, కొత్తగా వేటకు దిగుతున్న ఆరుగురూ, ఆ పదకొండుమందీ. లేనివాళ్ళవి ఎందుకని నేను అడిగితే, తీస్తే వరస తప్పుతుందంది రత్తాలు. సెలవులు అయ్యాక సభ మొదలవగానే చదువు. ఒక్కటీ కొట్టేయకు.

ఎప్పుడూ అక్కయ్య అని సంతకం పెట్టేదాన్ని. నీకు అలవాటు కావాలని ఇవాళ పేరు రాస్తున్నాను.

రాజరాజేశ్వరి.